మా పులి తప్పిపోయింది, చూశారా?

మనిషి తన పరువును తానే మోసుకెళ్లి ఎంత ఎత్తు నుంచి కింద పడేయగలడో తెలుసుకోవాలని మీకు ఎప్పుడైనా అనిపిస్తే, దయచేసి మీరు కొండ ఎక్కకండి. మీ తరఫున నేను ఎక్కాను. అడిగి తెచ్చుకున్న వ్యానులో, కొత్త పెళ్లాంతో, మామగారితో, ఇంటి ఓనరు కుక్కతో మాల్షేజ్ ఘాట్ ఎక్కాను. నలుగురం వెళ్లాం, నలుగురం క్షేమంగా దిగాం. దిగనిది నా పరువొక్కటే. అది ఇప్పటికీ ఆ ఘాట్ మీద, ఒక పశువుల కొట్టం గుమ్మంలో పడి ఉండాలి.

ఇది తొంభైల చివరి మాట. భివండీలో, పద్మనగర్‌లో, పాటిల్ కాక చాల్‌లో, వరసగా కట్టిన అద్దె గదుల్లో, మాదొక గది. మూడు గోడలు మావి, నాలుగో గోడ మగ్గాల షెడ్డుది. షెడ్డు నడుస్తున్నంత సేపూ అలమరలో గిన్నెలు వాటంతట అవే పాటలు పాడుకునేవి. గ్లాసులో నీళ్లు చలిజ్వరం వచ్చినట్టు వణికేవి. నాకది అలవాటే. మీసాలు రాకముందే జగిత్యాల వైపు నుంచి ఇక్కడికి వచ్చినవాణ్ణి, అంజూర్ ఫాటా దగ్గర ఒక గోడౌన్‌లో లారీలకు సరుకు ఎక్కించే పని చూసుకునేవాణ్ణి. కానీ నా భార్య రూతు పెళ్లయి వచ్చి ఆర్నెల్లు కూడా కాలేదు. చప్పుడుకు తల పట్టుకుని కూర్చునేది.

మగ్గాల పక్కన బతికేవాళ్లకు ఒక జబ్బు ఉంటుంది. మెల్లగా మాట్లాడటం రాదు. ఉప్పు అందుకోమని చెప్పినా ఊరికి నిప్పంటుకుందన్నట్టు చెబుతాం. పెళ్లయిన కొత్తలో నేను రూతు చెవిలో గుసగుసగా చెప్పిన మాటలకు పక్క గదిలో ముసలమ్మ నవ్వలేక దగ్గేది. ఈ జబ్బు సంగతి కాస్త గుర్తుంచుకోండి, ముందు ముందు నా కొంప ముంచింది ఇదే.

ఇలా ఉండగా కూతుర్ని చూడటానికి మామగారు వచ్చారు. జ్ఞానప్రకాశం సారు. హెడ్మాస్టరుగా చేసి రిటైరైన మనిషి. ఆయన మీసాలు చూస్తే ఏ వయసు వాడికైనా ఎక్కాలు గుర్తొస్తాయి. ఎప్పుడూ గొంతు పెంచరు. గొంతు పెంచని మనిషి ముందు నాలాంటి అరుపుల మనిషి పరిస్థితి, చర్చిలో ప్రార్థన జరుగుతుండగా లోపలికొచ్చిన లారీ హారన్ లాంటిది.

వచ్చిన మర్నాడే మొదలుపెట్టారు.

"అల్లుడా, ఈ సప్పుడు ఎప్పుడు బంద్ అయితది?"

"శుక్రారం బంద్ ఉంటది మామ."

"ఇయ్యాల ఏ వారం?"

"శనివారం."

ఆయన కాసేపు కళ్లు మూసుకున్నారు. తర్వాత కూతురి వైపు చూశారు. "బిడ్డ సగమైంది. ఈడ చెట్టు లేదు, పిట్ట లేదు. సోమారం బస్సుకు నా ఎంబడి తోల్కపోత. జెరంత గాలి మారితె మంచిగైతది."

"మల్ల ఎప్పుడు తోలిస్తరు?"

"చూద్దాం."

ఆ 'చూద్దాం' అనే మాటలో ఎన్ని నెలలు పడతాయో హెడ్మాస్టర్లకే తెలుసు. నేను రూతు వైపు చూశాను. ఆమె బియ్యంలో రాళ్లు ఏరుతోంది. వస్తాననీ అనలేదు, రాననీ అనలేదు. దారి తోచనప్పుడు కొందరు దేవుణ్ణి తలుచుకుంటారు. నేను అబద్ధాలాడతాను.

"చెట్టు లేదని ఎవలన్నరు మామ? ఈడికెళ్లి రెండు మూడు గంటలు పోతె ఘాట్ ఉన్నది. యాడ జూసినా జలపాతాలే. నెమళ్లు, జింకలు, చిరుతపులులు. చిరుతలైతె సీదా రోడ్డు మీదికొచ్చి నిలవడ్తయ్."

"నువ్వు చూసినవా?"

"మస్తుసార్లు."

నేను ఆ ఘాట్ మీదికి జీవితంలో ఒక్కసారే వెళ్లాను. అదీ లారీలో, నూలు మూటల మీద పడుకొని, గాఢ నిద్రలో.

"ఆడ అంత మరాఠోల్లే ఉంటరు గదా. నీకు మరాఠీ వచ్చునా?"

"మరాఠీ నాకు మంచినీళ్లు మామ."

పులిని చూసి నక్క వాత పెట్టుకుందంటారు. ఆ నక్క కనీసం పులినైనా చూసింది. నేను ఏమీ చూడకుండానే వాత పెట్టుకున్నాను.

ఆదివారం ఆరాధన కూడా మానుకొని పొద్దున్నే బయలుదేరాం. వ్యాను పాటిల్ కాకది. మా ఇంటి ఓనరు, మంచి మనిషి. తాళాలు చేతిలో పెట్టి ఒక్క షరతు మాత్రం పెట్టాడు. "గాడీ లేజా సామేలు, లేకిన్ టైగర్ కో భీ లేజా. గాడీ నహీ దిఖీ తో వో ఖానా నహీ ఖాతా." బండి తీసుకెళ్లు గానీ టైగర్‌నూ తీసుకెళ్లు, బండి కనపడకపోతే అది తిండి తినదు, అని.

టైగర్ ఆయన కుక్క. నల్లటి కుక్క, ఒక చెవి నిలబడి ఉంటుంది, ఇంకోటి వాలి ఉంటుంది. ఆ వ్యానును అది తన సొంతిల్లని నమ్మేది. పాటిల్ కాక దాన్ని కన్నకొడుకులా చూసుకునేవాడు. ఆయన ముందు ఎవరూ దాన్ని 'కుత్రా', అంటే కుక్క, అనకూడదు. ఒకసారి పాలవాడు నోరు జారి అన్నందుకు ఆయన పాలవాణ్ణే మార్చేశాడు. నాకూ టైగర్‌కూ మంచి స్నేహం. సాయంత్రం పని నుంచి వచ్చి గుమ్మం మీద కూర్చుని, రొట్టె ముక్క వేసి, నా కష్టాలన్నీ దానికి చెప్పుకునేవాణ్ణి. చాల్ మొత్తం మీద నా మాట చివరిదాకా వినే ప్రాణి అదొక్కటే.

మామగారు ముందు సీట్లో కూర్చున్నారు. రూతూ టైగరూ వెనక. బండి కదిలే ముందు మామగారు ప్రార్థన చేశారు. బ్రేకుల గురించి, టైర్ల గురించి, ఎదురొచ్చే బండ్ల గురించి వివరంగా ప్రార్థించి, చివర్లో "ఈ డ్రైవరుకు జ్ఞానం దయచేయుము" అన్నారు. వెనక సీటు నుంచి రూతు అన్న ఆమెన్ కొంచెం గట్టిగా వినిపించింది.

కళ్యాణ్ దాటాం, ముర్బాద్ దాటాం. వాన సన్నగా పడుతోంది. రెండు వైపులా పచ్చగా వరి నాట్లు. మామగారు కళ్లజోడు తుడిచి పెట్టుకుని అడవి జంతువుల కోసం సిద్ధమయ్యారు.

"అల్లుడా, అగో, ఏందో కదుల్తున్నది."

"బర్రె మామ."

"దాని పక్కన?"

"అది ఇంకో బర్రె."

ఇంకాస్త దూరం పోయాక, దేవుడు నా మొర విన్నట్టు, రోడ్డు పక్క గట్టు మీద నిజంగానే ఒక నెమలి నిలబడి ఉంది. నా ఆనందానికి పట్టపగ్గాలు లేవు. "మామా, నెమలి" అన్నాను. గుసగుసగానే అన్నానని నా నమ్మకం. ఆ మాటకు వెనక టైగర్ లేచి మొరిగింది, పొలంలో నాట్లు వేస్తున్న ఆడవాళ్లు నడుములు ఎత్తి చూశారు, నెమలి మాత్రం లేదు.

"నాకు తోక గూడ కనవడలే" అన్నారు మామగారు. కళ్లజోడు సర్దుకుని, "జంతువులను చూడాల్నంటె ముందుగాల నోరు మూస్కోవాలె అల్లుడా" అన్నారు.

అప్పటి నుంచి నోరు మూసుకుని నడిపాను. కోతులు కనిపించాయి. కోతులు భివండీలోనూ ఉంటాయి కాబట్టి మామగారు వాటిని లెక్కలోకి తీసుకోలేదు. చిరుత ఎక్కడని అడగలేదు గానీ, మలుపు మలుపుకూ నా వైపు చూసేవారు. లెక్క తప్పు చేసిన పిల్లవాడు తానే ఒప్పుకుంటాడేమోనని ఎదురు చూసే పంతులు చూపు అది.

ఘాట్ మొదలయ్యే సరికి పొగమంచు దిగింది. మామూలు మంచు కాదు. ఎవరో ఆకాశం నుంచి దూది బేళ్లు విప్పి కుమ్మరించినట్టుంది. బండి ముందు మనిషి దూరం కూడా కనపడదు.

"కుడి పక్కకు చూడుండ్రి మామ, మస్తు లోతు లోయ."

"యాడ?"

"ఆ తెల్లగ ఉన్నదంత లోయనే."

"ఎడమ పక్కకు?"

"అది కొండ."

"అది గూడ తెల్లగనే ఉన్నది గదా."

"జలపాతం గూడ ఆడనే ఉన్నది మామ. సప్పుడు వినుండ్రి."

"సప్పుడు వినెతందుకు ఇంత దూరం ఎందుకు తెచ్చినవ్? సప్పుడు నీ ఇంట్ల లేదా?"

వెనక రూతు కిటికీ వైపు ముఖం తిప్పుకుంది. నవ్విందో ఏడ్చిందో అద్దంలో తెలియలేదు.

ఘాట్ పైన నాలుగైదు ఇళ్లు, ఒక టీ కొట్టు ఉన్నాయి. యాత్రికుల బస్సు ఒకటి ఆగి ఉంది. నేనూ బండి ఆపాను. చలికి రూతు పళ్లు కొట్టుకుంటున్నాయి. టీ కొట్టాయన భార్య చూసి పొయ్యి దగ్గరికి రమ్మని లోపలికి తీసుకెళ్లింది. మామగారు సీటు మీద పరిచిన సోలాపూర్ చాదర్ లాగి తల మీద నుంచి కప్పుకున్నారు. పసుపు మీద నల్ల చారలున్న చాదర్. "ఇప్పుడే వస్త" అని చిటికెన వేలు చూపించి ఇళ్ల వెనక్కి, మంచులోకి వెళ్లిపోయారు.

నేను బండికి తాళం వేసి, రెండు టీలు తాగి, తిరిగొచ్చి కాస్త తినిపిద్దామని వెనక తలుపు తీశాను. టైగర్ లేదు.

అవతలి వైపు తలుపు బారెడు తెరిచి ఉంది. రూతు దిగినప్పుడు వేయలేదన్నమాట. సీటు కింద చూశాను. బండి కింద చూశాను. మంచు వైపు చూశాను. ఆ మంచు అవతల ఎటు అడుగేసినా లోయ. పాటిల్ కాక ముఖం కళ్ల ముందు మెదిలింది. పాలవాణ్ణి మార్చినవాడికి అద్దెకుండేవాణ్ణి మార్చడం ఎంత పని? కుక్కా పోయి, గదీ పోయి, పెళ్లామూ పోయి, అంజూర్ ఫాటాలో గోడౌన్ గుమ్మం మీద ఒంటరిగా కూర్చున్న నన్ను నేను చూసుకున్నాను.

పరుగున టీ కొట్టాయన దగ్గరికి వెళ్లాను. ఇక్కడే, పాఠకులారా, ఇక్కడే నా తెలివి నన్ను ముంచింది.

టైగర్ అనేది ఇంగ్లీషు మాట. పాపం కొండ మీది మనిషి, ఇంగ్లీషు ఎక్కడ వస్తుంది? మరాఠీలో అడిగితే మర్యాదగా ఉంటుంది, నా మరాఠీ ఎంత బాగుందో నాకూ తెలుస్తుంది అనుకున్నాను. కుక్క అంటే సరిపోయేది కదా అని మీరంటారు. నిజమే. కానీ పాటిల్ కాక భయానికి 'కుత్రా' అనే మాట నా నోట్లో నుంచి ఎప్పుడో పోయింది. అందుకని మాట మాటకూ బరువిచ్చి అడిగాను.

"భావూ, ఆమ్చా వాఘ్ హరవలా. తుమ్హీ బఘిత్లా కా?"

అంటే, అన్నా, మా పులి తప్పిపోయింది, మీరు చూశారా, అని.

టీ కొట్టాయన చేతిలో వడపోసే గుడ్డ ఆగిపోయింది. "వాఘ్?"

"హో, వాఘ్."

ఇక మిగతాదంతా మీ కోసం తెలుగులోనే చెబుతాను.

"ఎక్కడుండింది?" అన్నాడు.

"నా బండిలోనే. నా భార్య పక్కన కూర్చుని వచ్చింది."

"భార్య... భార్య ఉందా?"

"లోపల మీ పొయ్యి దగ్గరుంది."

అతను లోపలికి తొంగిచూసి, ఆమె బతికే ఉందని రూఢి చేసుకుని మళ్లీ నా వైపు తిరిగాడు. "పెద్దదా?"

"పెద్దదే. కానీ చాలా మంచిది, ఎవర్నీ ఏమీ అనదు. పొద్దున్నుంచి ఏమీ తినలేదు, అదే నా బాధ."

"ఏమీ తినలేదా?"

"ఒక్క బిస్కెట్టు కూడా ముట్టలేదు. పిల్లలంటే మాత్రం దానికి ప్రాణం. పిల్లలు కనిపిస్తే ఆగదు."

అతను అరుగు మీది నుంచి ఒక్క దూకు దూకాడు. ఆ తర్వాత వినిపించిన కేక లోయలో పడి, అవతలి కొండను తాకి, తిరిగొచ్చి నా చెవిలో పడింది. వాఘ్ ఆలా, వాఘ్ ఆలా, పులొచ్చింది అని. క్షణంలో ఇళ్ల తలుపులు మూసుకున్నాయి. ఆడవాళ్లు పిల్లల్ని రెక్కలు పట్టుకుని ఈడ్చుకుపోయారు. బస్సు యాత్రికులు భజియాలు వదిలేసి బస్సెక్కి అద్దాలు బిగించుకున్నారు. మగవాళ్లు కర్రలూ గొడ్డళ్లూ తీసుకుని, నూనె డబ్బాలు వాయించుకుంటూ బయటికొచ్చారు.

సిగ్గు విడిచి చెబుతున్నాను, నా కళ్లు చెమర్చాయి. ఎంత మంచి మనుషులు. ముక్కూ ముఖం తెలియని వాడి కుక్క కోసం ఊరంతా కదిలింది. భివండీలో మనిషి తప్పిపోయినా ఇంతమంది లేవరు కదా అనుకున్నాను. ఒకాయనకు చేతులు జోడించి, "దాన్ని కొట్టకండి, మెల్లగా పిలవండి, వస్తుంది" అని చెప్పాను. ఆయన నన్ను చూసి రెండడుగులు వెనక్కి వేశాడు.

నేనూ వాళ్ల వెంట పడి మంచులోకి అరుస్తున్నాను. "టైగర్... టైగర్..." నా గొంతు సంగతి మీకు చెప్పాను కదా. నేను ఒకసారి పిలిస్తే వాళ్లు ఇంకాస్త గట్టిగా డబ్బాలు కొట్టేవారు. బస్సులో ఎవరో పెద్దగా ఏడుస్తున్నారు.

ఇంతలో ఇళ్ల వెనక నుంచి ఒకతను ఒగరుస్తూ పరుగెత్తుకొచ్చాడు. పులి దొరికింది, పశువుల కొట్టంలో దూరింది, బయట గడియ పెట్టేశాను అన్నాడు. పసుపు మీద నల్ల చారలు తన కళ్లారా చూశానన్నాడు. నా మరాఠీ మంచినీళ్లని చెప్పానే, ఆ నీళ్లలో చారలన్న మాట నాకు అందలేదు. దొరికింది, కొట్టంలో ఉంది అన్నంత వరకే అందింది.

నేను పరుగెత్తాను. నలుగురు నా చొక్కా పట్టుకున్నారు. "వెళ్లకు, చంపేస్తుంది" అన్నారు. "నాదే, నన్ను చూస్తే ముఖం నాకుతుంది" అని చొక్కా విడిపించుకున్నాను. ఒక ముసలమ్మ కిటికీ సందులో నుంచి నాకు దిష్టి తీసి మెటికలు విరిచింది. ఈ ప్రాంతంలో కుక్కల్ని మరీ ఇంత భక్తిగా చూస్తారేమిటా అని కొంచెం ఆశ్చర్యపోయాను గానీ, ఆలోచించే తీరిక లేదు.

కొట్టం తలుపు ముందు చతికిలపడ్డాను. జనం దూరంగా అర్ధచంద్రాకారంలో నిలబడి ఊపిరి బిగబట్టారు. లోపల గడ్డి గరగరమంది. ఏదో గొంతు సవరించుకున్నట్టు చిన్నగా "హుఁ" అని వినిపించింది. పాపం టైగర్, చలికి జలుబు చేసింది అనుకున్నాను. ఒక్కసారిగా తలుపు తీస్తే బెదిరి మళ్లీ పారిపోతుందేమోనని భయం. రోజూ గుమ్మం మీద కూర్చుని మాట్లాడినట్టే, ముందు నాలుగు మాటలు చెప్పి మచ్చిక చేసుకుందామని మొదలుపెట్టాను. తెలుగులో. మెల్లగానే మాట్లాడాను. అంటే నా లెక్కలో మెల్లగా.

"టైగర్, నేనే. సామేలును. భయపడకు. నీకు దండం పెడ్త, మల్ల ఉరకకు. నువ్వు పోతె పాటిల్ కాక నన్ను బొంద వెడ్తడు. ఇప్పటికే ఆ ముసలాయన ముంగట నా ఇజ్జత్ పోయింది."

లోపల చప్పుడు ఆగిపోయింది. వింటోంది అనుకున్నాను. వినే ప్రాణి దొరికితే నా నోరు ఆగదు.

"ఆయనను జూస్తె నాకు వణుకు పుడ్తది టైగర్. ఆ మీసాలు మీసాలేనా? చీపురుకట్ట అడ్డం కట్టినట్టుంటయ్. ఫ్యాను తిప్పద్దంటడు, సల్లబడ్తదట. ఫ్యాను తిప్పమంటడు, ఉడుకపోస్తదట. చాయ్‌ల చక్కెర ఎక్కువైందంటడు, రెండోది తాగుతడు. ఇయ్యాల ఆదివారం. రేపటిదాక ఓపిక వట్టు, సోమారం పోతడు."

తలుపుకు ఇంకాస్త దగ్గరగా జరిగాను.

"పోతె పోనీ గని, రూతును తీస్కపోతడట టైగర్. చూద్దాం అంటున్నడు. ఆమె పోతె ఆ గదిల నాకు ఎవలున్నరు చెప్పు? నేను పొద్దంత లారీలోళ్లతోని ఒర్రి ఒర్రి ఇంటికొస్తె, తలుపు తీసి, 'ఎందుకు గట్ల ఒర్రుతవ్, నేను ఈడనే ఉన్న గదా' అంటది. గా ఒక్క మాట కోసమే నేను ఇంటికొస్త. పోవద్దని ఆమెకు నేనెట్ల చెప్త? ఈ సప్పుడుల ఉండుమని ఎట్ల అడుగుత? పులులున్నయని అబద్ధమాడిన. ఈడ పిల్లి గూడ లేదు."

కొట్టంలో నుంచి, తొందర లేని, గొంతు పెంచని ఒక మాట వచ్చింది.

"చీపురుకట్టనా?"

మీరు నమ్మినా నమ్మకపోయినా, అప్పుడు నాకు మొదట తట్టింది మామగారు కాదు. కుక్కకు తెలుగు వచ్చిందని తట్టింది. రోజూ చెప్పి చెప్పి నేనే నేర్పానని తట్టింది. సరిగ్గా అప్పుడే నా మోచేతికి వెచ్చగా, తడిగా ఏదో తగిలింది. తిరిగి చూస్తే టైగర్ నా చెయ్యి నాకుతోంది. మూతికి శనగపిండి అంటుకుని ఉంది. దాని వెనక రూతు. కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ఉంది. కళ్లు మాత్రం తడిగా ఉన్నాయి.

"ఇది నా ఎంబడే వచ్చింది. పొయ్యి కాడ భజియలు తింటున్నది" అంది రూతు. "ఎవలతోని మాట్లాడుతున్నవయ్యా?"

నేను కుక్కను చూశాను. తలుపును చూశాను. మళ్లీ కుక్కను చూశాను. కుక్క ఇక్కడుంటే లోపల ఎవరు?

"తలుపు తీస్తవా అల్లుడా, ఇంకేమన్న చెప్పేదున్నదా?" అంది తలుపు.

గడియ తీశాను. చారల చాదర్ తల మీద నుంచి కప్పుకుని, మీసాల నిండా గడ్డి పరకలతో, జ్ఞానప్రకాశం సారు బయటికొచ్చారు. వెనక జనంలో ఒకడు కేక పెట్టి గొడ్డలి పారేశాడు. చాదర్ జారింది. బట్టతల కనిపించింది. అందరి చేతుల్లో కర్రలు నెమ్మదిగా కిందికి దిగాయి.

టీ కొట్టాయన ముందుకొచ్చి, చాలాసేపు పరీక్షగా చూసి నన్ను అడిగాడు. "ఇదా నీ పులి?"

"కాదు" అన్నాను. "మా మామగారు."

గుంపులో ఒక పెద్దాయన తల పంకించాడు. "మామ అంటే పులే కదయ్యా. దాన్ని ఊరికే ఎందుకు వదిలావు?"

ఆ మాటకు లేచిన నవ్వులు తగ్గాక ఒక్కొక్కటీ బయటపడింది. మామగారు ఇళ్ల వెనక ఉండగా జనం పరుగులు చూశారట. ఎవరు ఎందుకు పరుగెత్తుతున్నారో తెలియక, దగ్గర్లో తెరిచి ఉన్న తలుపులో దూరారట. ఎవరో గడియ పెట్టేశారు. పాటిల్ కాక భార్యతో కూర్చుని నాకంటే బాగా మరాఠీ నేర్చుకున్న రూతు టీ కొట్టాయనను రెండు ప్రశ్నలు అడిగి నా వైపు తిరిగింది.

"ఏమని అడిగినవ్ నువ్వు?"

"ఆమ్చా వాఘ్ హరవలా అని."

"పేరును గూడ మరాఠీల చెప్తరా ఎవలన్న? నువ్వు తప్పిపోతె నిన్ను నేనేమని దేవులాడాలె?"

ఆ మాటంటూ ఆమె నవ్వడం మొదలుపెట్టింది. భివండీ వచ్చాక ఆమె అంతలా నవ్వడం నేనెప్పుడూ వినలేదు. అక్కడున్న అందరికీ వినిపించింది. మగ్గాల పక్కన ఉండి ఉండి ఆమెకూ ఆ జబ్బు అంటుకున్నట్టుంది.

బస్సు వాళ్లకు చేతులు జోడించాను. టీ కొట్టాయనకు తలవంచాను. కొట్టం ఆయన ఆవు ఇంకా వణుకుతుంటే దానికీ ఒక దండం పెట్టాను. వ్యానెక్కి కిందికి దిగడం మొదలుపెట్టాం. మంచు విడిపోయింది. లోయ కనిపించింది, జలపాతాలు వెండి జరీ అంచుల్లా కనిపించాయి. చూపించడానికి నాకు నోరు లేదు.

ముర్బాద్ దగ్గరికొచ్చాక మామగారు గొంతు సవరించుకున్నారు. అదే "హుఁ".

"అల్లుడా."

"మామ."

"నువ్వు కుక్క పేరు వెట్టి పిలువంగనే దగ్గుదామనుకున్న. గింతల నా ముచ్చట వచ్చింది. తన ముచ్చట తాను వింటుండంగ ఎవడన్న దగ్గుతడా?"

నేను స్టీరింగును గట్టిగా పట్టుకున్నాను.

"ఫ్యాను ముచ్చట ఒప్పుకుంట. చాయ్ ముచ్చట గూడ ఒప్పుకుంట." ఆయన మీసాల్లో నుంచి చివరి గడ్డి పరక తీసి కిటికీలోంచి వదిలేశారు. తర్వాత వెనక్కి తిరిగి, "బిడ్డా, రేపు నా ఎంబడి వస్తవా? నీ ఇష్టం చెప్పు" అని అడిగారు.

అద్దంలోకి చూసే ధైర్యం నాకు లేదు.

"రాను బాపు" అంది రూతు. "ఈయనను ఒక్కన్ని ఇడిసిపెడితె రేపు గోడతోని మాట్లాడ్తడు. ఆ గోడ అవుతల ఎవలుంటరో ఏమో."

మామగారు ముందుకు తిరిగి కళ్లజోడు తీసి తుడుచుకున్నారు. మంచు లేదు, వాన లేదు, ఎందుకు తుడుచుకున్నారో నేను అడగలేదు.

చాల్ ముందు బండి ఆగగానే పాటిల్ కాక ఎదురొచ్చాడు. ముందు కుక్కను ముద్దు పెట్టుకుని, తర్వాత మామగారిని పలకరించాడు. "కాయ్ గురుజీ, వాఘ్ దిస్లా కా?" పులి కనిపించిందా అని.

నేను నేలలోకి కుంగిపోయాను. మామగారు రూతు వైపు వంగి చెవిలో ఏదో అడిగారు. ఆమె ఏదో చెప్పింది. ఆయన చాదర్ భుజాన సర్దుకుని, మీసం ఒకసారి దువ్వి, జీవితంలో మొదటిసారి మరాఠీలో మాట్లాడారు.

"మీ వాఘ్."

కుక్కను మర్యాదగా అప్పజెబుతున్నారు, మీ పులి మీకే అంటున్నారు కాబోలు అని నేను ఊపిరి పీల్చుకున్నాను. చుట్టూ చేరిన తెలుగువాళ్లందరూ అదే అనుకున్నారు. పాటిల్ కాక మాత్రం నోరు తెరుచుకుని చూస్తుండిపోయాడు. మరాఠీలో 'మీ' అంటే 'నేను' అని రూతు నాకు గదిలోకి వెళ్లాక చెప్పింది.

సోమవారం బస్సుకు మామగారు ఒక్కరే వెళ్లారు. ఊళ్లో ఆయన ఈ కథ ఎలా చెప్పారో గానీ, ఆ తర్వాత నేను అత్తగారింటికి ఎప్పుడు వెళ్లినా వీధిలో వాళ్లు కుక్కల్ని లోపల కట్టేసుకునేవారు.

కాబట్టి ఇందుమూలంగా ప్రమాణం చేస్తున్నాను. మనిషిదైనా, కుక్కదైనా, కోడిదైనా, ఏ ప్రాణి పేరునూ ఏ భాషలోకీ ఇక మార్చను. చూడని జంతువును చూశానని ఎవరికీ చెప్పను. మూసి ఉన్న ఏ తలుపుతోనూ నా సంసారం సంగతులు మాట్లాడను. ఈ ప్రమాణం రాసేటప్పుడు నోటితో పైకి చదువుకుంటూ రాశాను. మా ఆవిడ వంటింట్లోంచి, "ఎందుకు గట్ల ఒర్రుతవ్, వీధంత వింటున్నది" అంది. మంచిదే, అందరూ సాక్షులు.